పోచమ్మ ఎంచిన హారన్

బండి కొనేటప్పుడు మనిషికి బుద్ధి ఉంటుంది. ఆ బండికి సామాన్లు కొనేటప్పుడే అది ఎటో పోతుంది. దిల్‌సుఖ్‌నగర్‌లో కారు సీట్లకు కవర్లు కుట్టి బతుకుతున్నవాణ్ణి కాబట్టి ఈ మాట ధైర్యంగా చెప్పగలను. నా పేరు దశరథ. మాది పోచంపల్లి పక్కన పల్లె. మగ్గం వదిలి మిషన్ పట్టాను. కుట్టిన కవర్లు ఎల్బీనగర్‌లోని మురళీకృష్ణ బండి సామాన్ల దుకాణానికి ఇస్తాను. అక్కడ కూర్చుంటే రోజూ తమాషాయే. ఎండకు అడ్డం తెరలు కావాలని వచ్చినవాడు నీలం లైట్లు బిగించుకుని పోతాడు. వానాకాలానికి పనికొచ్చే మ్యాట్లు అడిగిన పెద్దమనిషి, పక్కింటి కారుకు ఉన్న స్టీరింగ్ కవరే కావాలని మొండికేస్తాడు. అందరి ఆరాటమూ ఎదుటివాడి కళ్ల కోసమే.

ఇంకొకరి చెవుల కోసం సామాను కొన్నవాణ్ణి మాత్రం ఒక్కణ్ణే చూశాను. ఆయన పేరు యేసుదాసు.

యేసుదాసు పండ్ల లారీ డ్రైవర్. లారీ మలక్‌పేట సేటుది. ఇల్లు బాటసింగారంలో, విజయవాడ రోడ్డు పక్కనే. అప్పట్లో పండ్ల మార్కెట్ మా దిల్‌సుఖ్‌నగర్ దాటగానే కొత్తపేటలో ఉండేది. బత్తాయి లోడుతో వచ్చే లారీ సొంత ఇంటి ముందు నుంచే పోవాలి, కానీ ఆగడానికి లేదు. పండు ఆగదు, సేటు అసలే ఆగడు. ఇక్కడ దిగుమతి కాగానే మళ్లీ ఇంకో లోడుకు పరుగు. ఇంటి ముందు నుంచి పోతూ ఇంటికి పోలేని బతుకు పగవాడికి కూడా వద్దు.

అందుకని లారీవాళ్లకు ఒక అలవాటుంది. సొంత ఊరు దాటేటప్పుడు హారన్ కొడతారు. ఇంట్లోంచి భార్య గేటు దాకా వస్తుంది, ఈయన కిటికీలోంచి చెయ్యి ఊపుతాడు. అదే వాళ్ల సంసారం. అయితే ఆ రోడ్డు మీద పోయే లారీలకు లెక్క లేదు, అన్నీ ఒకే తీరుగా అరుస్తాయి. యేసుదాసు భార్య పోచమ్మ ఎవరి హారన్‌కో పరుగెత్తుకొచ్చి ఉసూరుమంటూ లోపలికి పోయేదట. తీరా ఈయన కొట్టినప్పుడు ఇది కూడా ఎవరిదోలే అని కదిలేది కాదట. గేటు దగ్గర ఆమె కనబడని రోజు యేసుదాసు కొత్తపేట దాకా ముఖం ముడుచుకునే వచ్చేవాడు.

ఒకరోజు దుకాణానికి వచ్చి హారన్ మార్చాలన్నాడు. సేటు బండికి నీ జీతంతో హారన్ ఏమిటయ్యా అని నేను నవ్వాను. ఆయన నా మాట పట్టించుకోకుండా ఫోన్ తీసి, ఇంటికి కలిపి మురళీకృష్ణ చేతికిచ్చాడు. ఒక్కొక్క హారనూ మోగించి ఆమెకు వినిపించాలట. మురళీకృష్ణ గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడినవాడు, మహా నెమ్మదస్తుడు. ఆయన ఓపికకు కూడా ఆ రోజు పరీక్షే. ఉన్నవన్నీ మోగించాడు. పక్క టైర్ల దుకాణంవాడు వచ్చి తిట్టిపోయాడు. పోచమ్మ ఒక్కదానికీ ఒప్పుకోలేదు. ఒకటి బస్సులా అరుస్తుందట, ఇంకోటి అంబులెన్సులా భయపెడుతుందట.

"సప్పుడు పెద్దగుంటె నేనేం జేసుకోను? నువ్వే అని నాకు తెల్వాలె" అంది ఫోన్లోంచి.

ఉపాయం చివరికి యేసుదాసుకే తట్టింది. ఒక హారన్ సెట్టులోని పెద్ద బూర, వేరే సెట్టులోని చిన్న బూర కలిపి మోగించమన్నాడు. సెట్లు విడదీస్తే మిగిలినవి ఎవరికి అమ్మాలండీ అని గొణుగుతూనే మురళీకృష్ణ మోగించాడు. పెద్దది బొంగురుగా మొదలైంది, చిన్నది దాని మీద సన్నగా లేచింది. నా చెవికి ఆవూ దూడా కలిసి అరిచినట్టుంది.  ఫోన్లో పోచమ్మ నవ్వింది. అదే కావాలంది.

అలాంటి హారన్ ఆ రోడ్డు మీద మరొకటి లేదు. ఆ తర్వాత యేసుదాసు ఎప్పుడు వచ్చినా ఆ ముచ్చటే. ఇవాళ చేతికి పిండితో వచ్చిందని, నిన్న తల దువ్వుకుంటూ దువ్వెనతోనే వచ్చిందని చెప్పి మురిసిపోయేవాడు. ఆ చెయ్యి ఊపే కాసేపటి కోసమే బండి తోలుతున్నానని ఒకసారి అన్నాడు. మార్కెట్ ఎప్పటికైనా తమ ఊరికి వస్తే, లోడు దింపినంతసేపూ ఇంట్లో కూర్చుని ఆమె చేతి అన్నం తింటానని ఆశపడేవాడు. అత్తకు మీసాలు మొలిస్తే మామ అన్నట్టు మాట్లాడుతున్నావని మేం ఆటపట్టించేవాళ్లం.

మార్కెట్ నిజంగానే బాటసింగారానికి పోయింది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. సరిగ్గా ఆ రోజుల్లోనే యేసుదాసుకు షుగరు ముదిరి, పుండు మానక, మలక్‌పేట దవాఖానలో ఎడమ కాలి వేళ్లు తీసేశారు. క్లచ్ తొక్కే కాలు అది. సేటు లారీని మధు అనే డ్రైవర్‌కు అప్పగించాడు.

చాలా రోజుల తర్వాత యేసుదాసు కర్ర పట్టుకుని దుకాణానికి వచ్చాడు. మనిషి సగమయ్యాడు. టీ తెప్పిస్తే ముట్టలేదు. మధును పిలిపించి ఆ బూరలు విప్పించాలని, బదులుగా అతనికి నచ్చిన హారన్ బిగించాలని అడిగాడు. ఎందుకని అడిగాను.

"మధు మా ఊరు రాంగనే హారన్ కొడతడు దశరథన్నా. అది ఇనవడితె చాలు, పోచమ్మ చేతిల పని ఇడిసిపెట్టి గేటు కాడికి ఉరుకుతది. నేను ఇంట్ల మంచం మీదనే ఉంట. వాపసొచ్చి నా మొకం సూడదు. నేనీడ ఉండంగ ఆమె ఎవరి కోసం ఉరుకుతున్నట్టు?"

 తన హారన్ మీద తనే ఏడుస్తున్నవాణ్ణి ఏమని ఓదార్చాలి? మధు సంతోషంగా ఒప్పుకున్నాడు. కొత్త హారన్ ఊరికే వస్తుంటే ఎవరు మాత్రం వద్దంటారు? యేసుదాసు పాత బూరలను బియ్యం సంచిలో పెట్టుకుని బస్సెక్కాడు. భార్యకు ఈ సంగతి చెప్పలేదు. పీడ వదిలిందని మేమూ చేతులు దులుపుకున్నాం.

కొన్నాళ్లకు పోచమ్మే దుకాణానికి వచ్చింది. గొంతు వినడమే తప్ప మనిషిని చూడటం అదే మొదలు. ఆ లారీకి ఏమైందో చెప్పమని అడిగింది. హారన్ వినబడటం లేదని, ఎక్కడైనా బోల్తా పడిందేమోనని ముద్ద దిగడం లేదట. భర్తను అడిగితే గోడ వైపు తిరిగి పడుకున్నాడట. నేను ఉన్నదున్నట్టు చెప్పేశాను. కోపం చేస్తుందనుకున్నాను. ఆమె స్టూలు మీద కూలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఆయన ఇంట్లున్నడు, దేవుని దయ. అన్నం పెడుతున్న, కాలు కడుగుతున్న. గని గేటు కాడికెల్లి సూసిన మనిషి వేరన్నా. కిటికీల నవ్వుకుంట పోయేటోడు. ఆ మనిషి మీద బెంగ, రంది నాకు పోతలేదు. తోలేది ఇంకొకడని తెల్వదా నాకు? తెలుసు. అయినా ఆ సప్పుడు ఇనవడితె ఒచ్చిండనిపిస్తది. గా జరసేపే."

మురళీకృష్ణ లేచి లోపలికి పోయాడు.  ఈ మాటే ఇంట్లో ఆయనకు చెప్పమ్మా అన్నాను.

ఏం మాట్లాడుకున్నారో తెలియదు. ఒక ఆదివారం చర్చి అయ్యాక ఇద్దరూ కలిసి వచ్చారు. బూరల సంచి పోచమ్మ చేతిలో ఉంది. మళ్లీ పిలిపిస్తే ఇదేం గోల అని మధు విసుక్కున్నాడు గానీ, యేసుదాసు ముఖం చూసి లారీ తెచ్చి నిలబెట్టాడు. మురళీకృష్ణ కొత్తది విప్పి పాత బూరలు బిగించాడు. ఒకసారి క్యాబిన్ ఎక్కి మీరే మోగించండి అని యేసుదాసుతో అన్నాడు. ఆయన కర్ర పక్కన పెట్టి ఎక్కబోయాడు. పోచమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. తన పక్కన నిలబడమంది.

లారీ విజయవాడ రోడ్డు ఎక్కింది. మధు హారన్ కొట్టాడు. పోచమ్మ చెయ్యి ఎత్తింది. యేసుదాసు ఆమెను చూసి తనూ ఎత్తాడు. లారీ వెనుక భాగం చిన్నదై బస్సుల మధ్య కనబడకుండా పోయింది. చింతలకుంట వైపు నుంచి హారన్ మళ్లీ వినబడింది, ఈసారి సన్నగా. యేసుదాసు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ రోడ్డు మీద అంతకాలం పోయినవాడే గానీ, నిలబడి చూసినవాడు కాదు.

"దినాం గింత రంది ఉంటుండెనా పోచమ్మా నీకు?" అన్నాడు.

"సప్పుడు ఇంక ఇనవడుతనే ఉన్నది గద" అంది ఆమె. "అది ఆగినంక ఉంటది అసలు రంది."