జగన్నాధం మాస్టారి రెండు పళ్ళేలు

“అక్కడ కూడా ఇది నోరిప్పకపోతే నా గతేటి మాస్టారూ? మూగపిల్ల అనుకొని తిప్పి పంపించేస్తారు.”

నరసింగరావు ఇంకా చెప్పులైనా విప్పలేదు. గుమ్మంలో నిలబడే అనేశాడు. అరుగు మీద కూర్చుని ఉడకబెట్టిన తేగలకు పీచు తీస్తున్న జగన్నాధం మాస్టారు తలెత్తలేదు. “ముందు కాళ్ళు కడుక్కొని కూకో నాయనా. అప్పుడు భయపడుదువు గాని,” అన్నారు.

అరవై ఎనిమిది జనవరి అది. నరసింగరావు విజయనగరంలో ఒక కాలేజీలో కెమిస్ట్రీ డెమాన్‌స్ట్రేటరు. కాపురం నెల్లిమర్లలో. ఒక్కగానొక్క కూతురు నీలవేణికి అయిదేళ్ళు నిండాయి. నాయనమ్మ కూర్మమ్మ ఒళ్ళో కూర్చుంటే గంటలకొద్దీ కబుర్లు చెప్పే ఆ పిల్ల, పైవాళ్ళు ఎవరు పలకరించినా పెదవులు బిగించేస్తుంది. వచ్చే జూన్‌లో దాన్ని విజయనగరంలో కాన్వెంటులో వెయ్యాలని అతని పట్టుదల. కాలేజీలో చేరిన కొత్తలో ఇంగ్లీషు పాఠం అర్థంకాక వెనక బెంచీలో తను పడ్డ అవస్థ కూతురు పడకూడదు. చేర్చుకునే ముందు అక్కడి మదర్ పిల్లల్ని దగ్గరికి పిలిచి, నీకిది ఇష్టమా అది ఇష్టమా అని ఇంగ్లీషులో అడుగుతుందని ఎవరో చెప్పారు. ఆ మర్నాటి నుంచి పొద్దునా సాయంత్రమూ “ఐ ప్రిఫర్ మిల్క్ టు కాఫీ” వల్లెవేత మొదలైంది. వేయించేదీ అతనే, వేసేదీ అతనే. పిల్ల గోడకేసి చూస్తూ ఉంటుంది.

“ఇష్టాయిష్టాలు చెప్పే పాఠం మీరు చెప్పినట్టు ఎవరూ చెప్పలేరు కదా. మీరొక్కసారి దానికి చెబితే...”

“రేపు తొమ్మిదో క్లాసుకి అదే పాఠం సెప్తన్నాను. పిల్లని అట్టుకొని రా. ఇద్దరూ ఎనకాల కూకోండి.”

నెల్లిమర్ల చుట్టుపక్కల ఇంగ్లీషు ముక్క వచ్చినవాళ్ళలో సగం మంది జగన్నాధం మాస్టారి దగ్గర చదివినవాళ్ళే. నరసింగరావూ ఆ సగంలోవాడే. మాస్టారిది రామతీర్థం దగ్గర మెట్టసేద్యం చేసుకునే కుటుంబం. చోళ్ళు, ఉలవలు, వేరుశనగ. పూటకి చోడి అంబలి. ఆ ఇంట్లో పిల్లల్ని ఏం కావాలని అడిగే అలవాటు లేదు. అడగడానికి రెండో వస్తువు ఉంటే కదా. మేనమామ చదవమన్నది చదివారు, తాత చూపించిన పిల్ల మెడలో పుస్తె కట్టారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఇన్‌స్పెక్టరు దొర ఆయన్ని నిలబెట్టి, కొత్తవలస బడీ ఖాళీగా ఉంది, కొండమీద బడీ ఖాళీగా ఉంది, నీకేది ఇష్టం అని అడిగాడట. పుట్టి బుద్ధెరిగాక ఆయన్ని ఒకరు ఆ మాట అడగడం అదే మొదలు. మాస్టారు చేతులు కట్టుకొని “తమ దయ సార్” అన్నారు. అదే మర్యాద అనుకున్నారు. దొర కొండమీదికి పంపించాడు. అక్కడ మొగుడూ పెళ్ళామూ ఏళ్ళ తరబడి చలిజ్వరంతో మూలిగారు.

ఈ కథ మాస్టారు చెప్పరు. ఆయన వింటూండగా భార్య సుభద్రమ్మ చెబుతుంది. “కొత్తవలసండీ అని ఒక్క ముక్క అంటే నోట్లో ముత్తేలు రాలిపోతాయేటి? ఆ దొర పెళ్ళిచూపులకి వచ్చినట్టు తల దించీసుకున్నాడు మా మారాజు.”

“ప్రిఫర్ అంటే ఏటో నాకప్పుడు బాగానే తెలుసునే,” అంటారు మాస్టారు శాంతంగా. “నాకేటి కావాలో అది తెల్దు.”

మర్నాడు తండ్రీకూతుళ్ళు తొమ్మిదో తరగతి గదిలో చివర కూర్చున్నారు. బల్లమీద రెండు సత్తు పళ్ళేలు. ఒకదాంట్లో బిస్కట్లు, ఒకదాంట్లో తేగలు. ఒక్కొక్కరే వచ్చి, రెండింట్లో ఏది ఎక్కువ ఇష్టమో ఇంగ్లీషులో చెప్పాలి. ఏది చెబితే అదే చేతిలో పడుతుంది. తరవాత మార్చుకోవడం కుదరదు. ఆ పాఠం ఆయన ఏటా అలాగే చెబుతారు.

మొదట మిల్లు మేస్త్రీ కొడుకు లక్ష్ముడు వెళ్ళాడు. “ఐ ప్రిఫర్ బిస్కట్స్ టు తేగలు, సార్.” బిస్కట్ పుచ్చుకొని వచ్చి కూర్చున్నాడు. వాడి వెనకవాడూ అదే అన్నాడు. ఆ వెనకవాడూ అంతే. ఇంగ్లీషులో నోరు తెరిచి తేగ అడగడం నామోషీ అని అందరికీ ఎవరో చెవిలో చెప్పినట్టుంది. బిస్కట్లు తరిగిపోతున్నాయి. బిస్కట్ నములుతున్నవాళ్ళ కళ్ళన్నీ తేగల పళ్ళెం మీదే ఉన్నాయి.

ఎల్లాజీ అని పొడుగాటి కుర్రాడు లేచాడు. “ఐ ప్రిఫర్ తేగలు టు బిస్కట్స్, సార్.”

గది గొల్లుమంది. మాస్టారు అన్నిటిలోకీ లావుగా ఉన్న తేగ ఏరి వాడి చేతిలో పెట్టారు. వాడు దాన్ని నిలువునా చీల్చి, లోపల చందమామ అనే లేత మొలకని ముందు నోట్లో వేసుకొని, తక్కినది తీరిగ్గా తినసాగాడు.

లక్ష్ముడు ఉండబట్టలేకపోయాడు. “సార్, నాదీ అదే సార్. మార్సండి సార్.”

“ఇంగ్లీషు తప్పులేకుండానే సెప్పేవురా. సెప్పింది అబద్ధం, అంతే. తినీ.”

పిల్లలంతా నవ్వారు. నీలవేణి కూడా నవ్వడం నరసింగరావు చూశాడు.

గంట కొట్టి అందరూ వెళ్ళాక మాస్టారు ఆ రెండు పళ్ళేలూ నీలవేణి ముందుకు తెచ్చారు. “నీకేటి కావాలమ్మా?” తెలుగులోనే అడిగారు. పిల్ల ఈ పళ్ళెం చూసింది, ఆ పళ్ళెం చూసింది, తండ్రి మొహం చూసింది.

“దానికి తేగలు అరగవండి. బిస్కట్ ఇవ్వండి,” అన్నాడు నరసింగరావు.

“నిన్నడిగేనేటి?”

“కాదండి, అది చెప్పదు కదా అని...”

“నువ్వు బయటికెల్లి నిలబడు. నువ్విక్కడుంటే జవాబు నీ మొహం మీద రాసుంటాది. అది సదువుకోడానికే సరిపోతంది పిల్లకి.”

నరసింగరావు వరండాలోకి వెళ్ళాడు. లోపలినుంచి మాటేమీ వినబడలేదు. మాస్టారు రెండోసారి అడగలేదు, బుజ్జగించలేదు. జూట్ మిల్లు కూత వేసింది, పనివాళ్ళు రోడ్డు మీదుగా నడిచిపోయారు, రోడ్డు మళ్ళీ ఖాళీ అయింది. అప్పుడు నీలవేణి గుమ్మం దాటి వచ్చింది. చేతిలో సగం తిన్న తేగ.

“ఏమందండి?”

“నాతో అన్నాది. నీకెందుకు?” అన్నారు మాస్టారు.

ఇంటికి నడుస్తూ నరసింగరావు ఆలోచనలో పడ్డాడు. దసరాకి ఏ రంగు రిబ్బను కావాలని అడిగితే పిల్ల ఎర్రది అంది. మురికి పట్టదని నీలంది కొన్నాడు. నాయనమ్మతో బండిలో తీర్థానికి వెళ్తానంది. ఎండ తగులుతుందని బస్సు ఎక్కించాడు. అడగకపోవడం లేదు, రోజూ అడుగుతూనే ఉన్నాడు. తనకి నచ్చిన జవాబు వస్తే ఉంచుతున్నాడు, రాకపోతే కొట్టేస్తున్నాడు. ల్యాబులో ఏ స్టూడెంటైనా లెక్క కుదరని రీడింగులు కొట్టేసి కుదిరినవే చూపిస్తే ఇతనే రికార్డు మీద ఎర్రగీత గీస్తాడు. పిల్లకి మాట రాక కాదు. తన మాటకి ఫలితం ఉండదని దానికి తెలిసిపోయింది. భయం తగ్గలేదు గానీ, ఇన్నాళ్ళూ దేన్ని చూసి భయపడాలో తెలియలేదనిపించింది.

మర్నాటి నుంచి వల్లెవేత మానేశాడు. తెల్లగౌనా, పచ్చ పరికిణీయా? పెరుగన్నమా, చారన్నమా? అడిగేసి మొహం అటు తిప్పుకునేవాడు.

“ఏట్రా, గోడని అడుగుతన్నావు? పిల్ల ఇటున్నాది,” అంది కూర్మమ్మ.

“ఉండమ్మా. మాస్టారు అలాగే అడగమన్నారు.”

“ఆ మాస్టారు నీకు సదువు సెప్పిన రోజే అనుకున్నాను.”

మొదట్లో ఎంతసేపు ఆగినా జవాబు వచ్చేది కాదు. ఒకరోజు “సారు” అని వినీవినబడనట్టు వచ్చింది. చారే వేశారు. తరవాత తరవాత, తెలుగులో అడిగినా ఇంగ్లీషులో అడిగినా, అడగకముందే రావడం మొదలైంది. భార్య లక్ష్మణమ్మ సాక్షిగా ఒక రాత్రి అన్నాల దగ్గర, “ఐ ప్రిఫర్ నానమ్మ టు నాన్న” అని కూడా వచ్చింది. ఆ వాక్యం దానికి ఎవరూ నేర్పలేదు. కూర్మమ్మకి అర్థం చెప్పించుకొనేదాకా తోచలేదు, చెప్పాక వారం రోజులు వీధంతా చెప్పుకుంది.

మార్చిలో కాన్వెంటుకి పిలిచారు. తలుపు దగ్గర కుర్చీలో నరసింగరావు, మదర్ ఎదురుగా పిల్ల. ఆడుకోవడం ఇష్టమా, పడుకోవడం ఇష్టమా అని మదర్ అడిగింది. నరసింగరావు కిటికీలోంచి బయటికి చూశాడు. “ఐ ప్రిఫర్ ప్లే,” అంది నీలవేణి. పిల్లి ఇష్టమా, కుక్క ఇష్టమా అంటే కుక్క అంది. మదర్ ముచ్చటపడి, అయితే మా బడికి వస్తావా అంది.

“నో. ఐ ప్రిఫర్ నానమ్మ.”

మదర్ నవ్వి, సీటు ఇచ్చేసింది.

నరసింగరావు ఆ సాయంత్రం తిన్నగా మాస్టారింటికి వెళ్ళాడు. మొన్నటిదాకా పిల్ల మాట్లాడదని భయం. ఇప్పుడు మాట్లాడింది. “దాని మాట నిలబెడితే సీటు పోతుంది. సీటు తీసుకుంటే ఇన్నాళ్ళు చేసిందంతా పోతుంది. మళ్ళీ నోరు మూసుకుంటే నేనేం చెయ్యను?”

“దాన్ని బడికి వస్తావా అని అడిగిందెవరు? నువ్వా?”

“మదరండి.”

“మరైతే నువ్వు మాటేటి తప్పేవు? బడి సంగతి నీది. దాని నెత్తిన ఎట్టకు. నేనే ఏస్తన్నాను, నువ్వు ఎల్లాలమ్మా అని తిన్నగా సెప్పు. ఏడుస్తాది, ఏడవనీ. నీకిష్టమే కదా అని మాత్రం అడక్కు.”

అలాగే చెప్పాడు. పిల్ల ఏడ్చింది. నాయనమ్మ కొంగు పట్టుకొని ఒక పూట అన్నం మానేసింది. కానీ పెదవులు బిగించుకోలేదు. నీ బడి బాగుండదు, నువ్వూ బాగుండవు అని మొహం మీదే అంది. నరసింగరావు విన్నాడు. తరవాత, విజయనగరానికి బస్సులో వెళ్దామా, రైల్లో వెళ్దామా అని అడిగి, అటు తిరిగి నిలబడ్డాడు. బస్సు వాళ్ళ వీధి చివరే ఆగుతుంది. స్టేషను దూరం, పాసింజరు వేళకి రాదు.

“రైలు,” అంది.

జూన్ నుంచి పొద్దున్నే పిల్లనీ దాని సంచీనీ భుజాన వేసుకొని పట్టాల వైపు పరుగెత్తుతున్నాడు. కాలేజీకి ఆలస్యమైన రోజులున్నాయి. బస్సు ఎదురుగా ఖాళీగా పోతుంటే నాలుక చివరిదాకా వచ్చిన మాటను మింగేసిన రోజులూ ఉన్నాయి. అలాంటప్పుడల్లా, సీటు వచ్చిన సాయంత్రం మాస్టారు గుమ్మందాకా వచ్చి అన్న మాట తలుచుకుంటాడు.

“ఇవ్వలేనిది అడక్కు నాయనా. అడిగేవా, జవాబు వచ్చీదాకా ఆగు. వచ్చింది నీకు నచ్చకపోయినా, ఇచ్చీ.”