పాత తండాలో ప్రమాణం

నేను జనగామలో ఉంటాను. న్యాయ కళాశాలలో తులనాత్మక న్యాయశాస్త్రం చెబుతాను. వేర్వేరు దేశాల చట్టాలను పక్కపక్కన పెట్టి చూపించే పాఠం అది. యూరప్ చట్టాలు పూర్తయ్యేసరికి ఏడాది అయిపోవస్తుంది. అయినా పట్టుబట్టి మిగతా ప్రపంచం గురించి కూడా చెబుతాను. సమోవా దీవుల్లో తప్పు చేసినవాడి బంధువులు చాపలు కప్పుకొని బాధితుల ఇంటి ముందు కూర్చుంటారని, ఇంటివాళ్లు వచ్చి ఆ చాప తీస్తేనే క్షమించినట్టని చెబుతాను. న్యూజిలాండ్‌లో ఒక నదికి మనిషికున్నట్టే హక్కులున్నాయని, ఆఫ్రికాలో కొన్నిచోట్ల భూమిలో చనిపోయినవాళ్లకూ వాటా ఉంటుందని చెబుతాను. ఇవన్నీ చదివి చెప్పేవే, కళ్లతో చూసినవి కావు.

మొన్న చలికాలంలో లలిత ఫోన్ చేసింది. నా దగ్గరే చదువుకుంది, ఇప్పుడు మహబూబాబాద్ కోర్టులో వకీలు. వాళ్లది భూపాలపల్లి దగ్గర లంబాడీ తండా. కొన్నేళ్ల కిందట బొగ్గు గని విస్తరించినప్పుడు తండా ఖాళీ చేసి, అందరూ కొత్త కాలనీకి వెళ్లిపోయారు.

"మేడం, మా బాపుకు, పెద్దబాపుకు మాటల్లేవు. తాత సమాధి గురించి పంచాయితీ. కోర్టుల ఎయ్యాల్నంటే ఏ సెక్షన్ కింద ఎయ్యాల్నో నాకే సమజైతలేదు. ఆదివారం నాయక్ పాత తండాల కూసుండవెడుతుండు. మీరు వస్తరా?"

వస్తానన్నాను.

ఆదివారం పొద్దున జనగామలో రైలెక్కాను. కాజీపేట, వరంగల్ మీదుగా మహబూబాబాద్‌కు సుమారు రెండు గంటలు. జనరల్ టికెట్ వంద రూపాయల లోపే. లలిత స్టేషన్ బయట కారుతో ఎదురుచూస్తోంది. కారు రానుపోను మూడున్నర వేలకు మాట్లాడింది. డ్రైవర్ యాకయ్యది కురవి వైపు. నర్సంపేట, ములుగు, గణపురం మీదుగా వెళ్లాం. రోడ్డు బాగానే ఉంది కానీ ములుగు దాటాక మంచు వదల్లేదు. పది దాటినా ఎదురొచ్చే లారీలు లైట్లు వేసుకునే వస్తున్నాయి. ములుగులో ఇడ్లీ తింటుండగా లలిత అసలు గొడవ చెప్పింది.

తండా ఖాళీ చేసేటప్పుడు ప్రతి కుటుంబం తమ పెద్దల సమాధుల దగ్గరి మట్టి, ఒక రాయి కొత్త కాలనీకి తెచ్చుకుంది. లలిత తాత లాల్యా మట్టిని పెద్దకొడుకు బిచ్చా తెచ్చాడు. కాలనీ చివర రాయి పాతారు. పండుగలకు అక్కడే అన్నం పెడుతున్నారు. కానీ లాల్యా భార్య మంగ్లి మొదటినుంచీ ఒకటే మాట. ఈ రాయిలో నా మొగడు లేడు. ఏడాదిగా ఆమె చెప్పకుండా నడుచుకుంటూ పాత తండాకు పోతోంది. అది గని పేలుళ్లు జరిగే చోటుకు దగ్గర. రెండుసార్లు కాపలావాళ్లు ఆమెను వెనక్కి తెచ్చి దిగబెట్టారు. త్వరలో ఆ చోటు చుట్టూ కంచె పడుతుంది. ఆ తర్వాత మట్టి తెద్దామన్నా ఎవరూ లోపలికి పోలేరు. లలిత తండ్రి సోమ్లా, ఆ మట్టి నిజంగా తండ్రి సమాధిదేనా అని అన్నను అడిగాడు. తెచ్చిన మట్టి తండ్రిదేనని బిచ్చా అన్నాడు. అంతే, అన్నదమ్ములకు మాటలు బందయ్యాయి.

"నాయనమ్మ ఒక్కసారి పేలుడు టైంకు అక్కడ చిక్కిందంటే అయిపోయినట్టే మేడం," అంది లలిత.

యాకయ్య అద్దంలోంచి నన్ను చూశాడు. "మేడం, నేను తండ దాకా వస్త. లోపలికి మాత్రం రాను. ఖాళీ జేసిన ఊర్లల్ల బండి ఆపొద్దంటరు మావోళ్లు."

చెల్పూరు దగ్గర కరెంటు ప్లాంటు పొగగొట్టం మంచులోంచి సగమే కనబడింది. భూపాలపల్లి ఊళ్లోకి పోకుండా పక్కదారి పట్టి మట్టిరోడ్డు మీద ఆగాం. గనివాళ్ల అనుమతి కాగితం నాయక్ ముందే తెచ్చి ఉంచాడు. మధ్యాహ్నం సైరన్ మోగేలోపు బయటికి రావాలన్నది షరతు. మంగ్లి, ఇద్దరు కొడుకులు, నాయక్, మరో పదిమంది దాకా తండావాళ్లు అప్పటికే నిలబడి ఉన్నారు. నాయక్ అంటే తండా పెద్ద, పేరు హర్యా. తెల్ల తలపాగా, తక్కువ మాటలు. అన్నదమ్ములిద్దరూ గుంపుకు చెరో చివర నిలబడ్డారు.

పాత తండాలో గోడలున్నాయి, కప్పులు లేవు. తలుపులు, దూలాలు, చివరికి మేకులు కూడా ఊడదీసుకుపోయారు. గడపలు మాత్రం మిగిలాయి. వెనక గని మట్టి పోసిన గుట్ట, దాని కొన మంచులో మునిగి ఉంది. పిట్ట కూత లేదు. కుక్క మొరుగు లేదు. మనుషులున్న ఊరు ఎంత చప్పుడు చేస్తుందో అప్పుడే తెలిసింది నాకు. ఆడవాళ్లు ఒక్కో గడప ముందు ఆగి, ఆ ఇంటివాళ్ల పేరు పిలిచి, కాసేపు నిలబడి, అప్పుడే ముందుకు కదిలారు. ఎవరైనా లోపలినుంచి "పో" అనాలని ఎదురుచూస్తున్నట్టు. లలిత కూడా అలాగే పిలిచింది. కోర్టులో నల్ల కోటు వేసుకుని వాదించే పిల్ల, కప్పులేని ఇంటి ముందు తలవంచి నిలబడింది.

ఒక చదును చోట అందరూ గుండ్రంగా కూర్చున్నారు. ఆడవాళ్లు వలయానికి వెనక కూర్చున్నారు. మంగ్లికి మాత్రమే లోపల చోటిచ్చారు. అది నాకు నచ్చలేదు. మధ్యలో హర్యా ఒక గోనెపట్టా పరిచాడు. దాని మీద ఎవరూ కూర్చోలేదు.

"లాల్యా," అని ఆ గోనెపట్టాతో లంబాడీ భాషలో మొదలుపెట్టాడు హర్యా. తర్వాత నా కోసమేమో, తెలుగులోకి మారాడు. "నీ కొడుకులిద్దరు వచ్చిన్రు. నీ పెండ్లాం వచ్చింది. నువ్వు చెప్పేది ముందుగాల చెప్పు."

అని ఊరుకున్నాడు. అందరూ ఊరుకున్నారు. మనిషి తీరిగ్గా ఒక సంగతి చెప్పడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు. మన సాక్ష్య చట్టంలో మరణ వాంగ్మూలం ఉంది. పోయే ముందు అన్న మాటకు విలువుంటుంది. పోయాక అడగడం, జవాబు కోసం కాచుకోవడం అదే మొదటిసారి చూశాను. గోనె దగ్గరికి వచ్చిన చీమల బారు దాన్ని ఎక్కకుండా చుట్టూ తిరిగిపోయింది. చూపు మరల్చుకోవాలనిపించింది కానీ మరల్చలేకపోయాను.

తర్వాత మంగ్లి చెప్పింది. "ఇన్నేండ్ల సంది ఆ రాయికాడ బువ్వ వెడుతున్న. ఒక్కనాడు కలలకు రాలే. గీడికి వస్తే మాత్రం చుట్ట గుంజుకుంట పక్కన కూసున్నట్టే ఉంటది."

సోమ్లా చెప్పాడు. అన్న అబద్ధమాడాడని ఒక్కసారి కూడా అనలేదు. అలా అనకూడదట. "మా అవ్వకు నిమ్మళం లేదు. గదొక్కటే నా బాధ," అన్నాడు.

హర్యా ఒక గ్లాసులో నీళ్లు పోసి, గుప్పెడు ఉప్పు వేసి, వేపరెమ్మ ముంచి బిచ్చా ముందు పెట్టాడు. అబద్ధమాడి ఆ నీళ్లు తాగినవాడికి కీడు తప్పదట. "బిచ్చా, నువ్వు తెచ్చింది మీ బాపు మట్టే అయితే తాగు."

బిచ్చా అరవైకి దగ్గరగా ఉంటాడు. గ్లాసు ఎత్తాడు. పెదాల దాకా తెచ్చాడు. అప్పుడే నాకు చుట్టపొగ వాసన తగిలింది. నాటు పొగాకు ఘాటు. చుట్టూ చూశాను. ఎవరి చేతిలోనూ చుట్ట లేదు, బీడీ లేదు. లలిత నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. మంగ్లి ఒక్కసారిగా చిన్నపిల్లలా నవ్వింది.

"వచ్చిండు," అంది.

బిచ్చా తాగకుండా గ్లాసు కింద పెట్టేశాడు.

"నాతోని కాదు," అన్నాడు. తర్వాత తల ఎత్తకుండా మాట్లాడాడు. "తండ ఖాళీ జేసిన నాడు పొద్దుమూకినంక గడ్డపార పట్టుకొని వచ్చిన. మిషన్లు తుప్పలన్ని సాపు జేసినయి, గుర్తులు లేవు. గీడనే ఉండొచ్చని తవ్విన. మోకాలు లోతు తవ్వినంక కిందికెల్లి దగ్గు ఇనచ్చింది. మనిషి దగ్గు. గడ్డపార ఆడనే పారేసి ఉరికిన. కల్వర్టుకాడి మట్టి, అక్కడి రాయి తెచ్చి బాపు అని చెప్పిన. భయపడ్డనంటే నవ్వుతరని చెప్పలే."

ఎవరూ నవ్వలేదు. నేను ఉండబట్టలేక హర్యాను అడిగాను, భయంతో వచ్చిన మాటను కోర్టు ఒప్పుకోదు కదా అని.

"భయపెట్టిందెవరు బిడ్డా? మేమైతే ఏమనలే," అన్నాడు. నా ప్రశ్నకు అది పూర్తి జవాబు కాదు. ఇప్పటికీ కాదనే అనుకుంటున్నాను.

హర్యా గోనెపట్టా వైపు తిరిగి, "ఇన్నవా?" అని అడిగాడు. మళ్లీ ఆ నిశ్శబ్దం. తర్వాత తీర్పు చెప్పాడు. ఏడాదిపాటు తండా పంచాయితీల్లో బిచ్చా మాట లెక్కలోకి రాదు. అన్నదమ్ములిద్దరూ ఇనుము ముట్టకుండా చేతులతో మట్టి తీయాలి. ఇవాళే, ఇక్కడే సోమ్లా అన్నకు మంచినీళ్లివ్వాలి. ఇవ్వకపోతే తప్పు తమ్ముడి మీదికి వస్తుంది. చివరికి సోమ్లా లేచి చెంబు పట్టాడు. బిచ్చా దోసిట పట్టి తాగుతుంటే ఏడుపో దగ్గో తెలియని చప్పుడొచ్చింది.

"నువ్వెక్కడ తవ్వినవో చూపియ్యి," అన్నాడు హర్యా. బిచ్చా గుట్ట వైపు తీసుకుపోయాడు. గడ్డి మొలిచిన గుంత, పక్కన తుప్పుపట్టిన గడ్డపార. కానీ మంగ్లి అక్కడ ఆగలేదు. కర్ర పొడుచుకుంటూ చాలా దూరం పోయి, ఒక చోట కూర్చుని నేలను నిమిరింది. "గీడ. తలకాయ గిటు."

బిచ్చా గుంత వైపు తిరిగి చూశాడు. "మరి గక్కడ ఎవలున్నరు?"

హర్యా మొహంలో రంగు మారడం నేను చూశాను. "గక్కడ ఎవ్వలను పెట్టలే," అన్నాడు మెల్లగా. "ఎన్నడు పెట్టలే." మిగిలిన ఉప్పంతా తీసుకుపోయి ఆ గుంతలో చల్లాడు. వెనక్కి చూడకుండా వచ్చాడు.

అన్నదమ్ములిద్దరూ మోకాళ్ల మీద కూర్చుని చేతులతో మట్టి తీసి తల్లి కొంగులో పోశారు. బయలుదేరేటప్పుడు హర్యా నాకూ నీళ్లిచ్చాడు. "చూసినవు. ఇగ నువ్వు సాక్షివే. రేపు ఎవరన్న కాదంటే పిలుస్తం, రావాలె." తాగాను. మట్టిరోడ్డుకు చేరుతుండగా సైరన్ మోగింది. కాసేపటికి పేలుడు చెవుల కంటే ముందు అరికాళ్లకు తెలిసింది. యాకయ్య అప్పటికే ఇంజన్ ఆన్ చేసి ఉంచాడు.

కొత్త కాలనీలో సాయంత్రం లోపే మట్టి పెట్టి కొత్త రాయి నిలిపారు. కల్వర్టు రాయిని పీకేద్దామని ఎవరో అన్నారు. మంగ్లి ఒప్పుకోలేదు. "ఇన్నేండ్లు నా చేతి బువ్వ తిన్నది. ఎవలో ఏమో. ఉండనియ్యి." రెండు రాళ్ల ముందూ అన్నం పెట్టింది. తర్వాత తనూ తిన్నది, ఇద్దరు కొడుకుల మధ్య కూర్చుని. ఆ ముసలామె మళ్లీ పాత తండాకు పోలేదని లలిత ఈమధ్యే చెప్పింది. చుట్టూ కంచె కూడా వేసేశారట.

తరగతిలో నేను మొదట నేర్పేది, కేసులో పక్షాలు ఎవరు అన్న ప్రశ్న. ఆ రోజు పక్షాలు నేను లెక్కపెట్టగలిగినవాళ్ల కంటే ఎక్కువ. వెనక వరుసలో కూర్చోబెట్టిన ఆడవాళ్లను నేను మరిచిపోలేదు. ప్రమాణానికి భయపడని అబద్ధాలకోరు వస్తే ఈ పద్ధతి ఏమవుతుందన్న అనుమానమూ పోలేదు. కానీ ఏ కోర్టైనా ఆ అన్నదమ్ములను ఒకే రోజులో ఒకే సమాధి ముందు మోకాళ్ల మీద కూర్చోబెట్టగలదా అంటే, నాకు తెలిసినంతలో లేదు. వాసన సంగతి విద్యార్థులకు చెప్పలేదు. బిచ్చా తవ్విన ఆ గుంతలో దగ్గింది ఎవరన్నది మాత్రం ఒంటరిగా ఉన్నప్పుడు గుర్తొస్తుంది. అప్పుడు లేచి ఇంట్లో లైట్లన్నీ వేస్తాను.

ఇలాంటి పంచాయితీకి వెళ్లాలనుకునేవాళ్లకు ఒక్క మాట. పిలుపు లేకుండా పోవద్దు. జనగామ నుంచి నేరుగా అయితే హన్మకొండ, పరకాల మీదుగా భూపాలపల్లికి బస్సులుంటాయి, మహబూబాబాద్ చుట్టు అక్కర్లేదు. కానీ అదే రోజు తిరుగు బస్సు పట్టుకుందామని మాత్రం పెట్టుకోకండి, భూపాలపల్లిలో లాడ్జి గది ముందే చూసుకోండి. ఒకసారి ఆ వలయంలో కూర్చున్నాక మధ్యలో లేవడానికి లేదు. అందరూ మాట్లాడటం అయిపోయేదాకా ఉండాలి, కనబడనివాళ్లతో సహా.