శబ్దం తగ్గించే అల్లుడు

హోమ్ థియేటర్ బిగించిన రోజే అల్లుడు రిమోట్లన్నీ బీరువాలో పెట్టి తాళం వేశాడు. అప్పటి నుంచి టీవీ, స్పీకర్లు ఆయన ట్యాబ్ మాటే వింటాయి, ట్యాబ్ దగ్గర లేకపోతే ఫోన్ మాట. వైర్లు లాగినవాడు వేరే. ఈయనకు చేతనైంది వేలు జరపడం. ట్యాబ్ అద్దాన్ని చొక్కా అంచుతో తుడుచుకుంటూ, భార్య ముట్టుకుంటే మరకలు పడతాయంటాడు. హాల్లో అత్తగారు సీరియల్ చూస్తుంటే పడకగదిలో పడుకుని ఫోన్‌తో శబ్దం తగ్గిస్తాడు. తగ్గించేది టీవీలో కాదు, స్పీకర్లను నడిపే ఆంప్లిఫయర్‌లో. అందుకే తెర మీద ఏ గుర్తూ కనిపించదు. ఆమె కుర్చీ ముందుకు జరుపుకుంటుంది. ఆయన ఇంకాస్త తగ్గిస్తాడు.

"నా చెవులు పోతున్నట్టున్నాయి బాబూ" అంది ఆమె ఒకనాడు, బెదురుగా. "వయసు కదండీ అత్తయ్యగారూ" అన్నాడు, ఫోన్ మీంచి తల ఎత్తకుండా. కూతురు ఆమెను చెవుల డాక్టరుకు చూపించుకొచ్చి, చెప్పులైనా విప్పకుండా భర్తను నిలదీసింది: "అమ్మ చెవులు శుభ్రంగా ఉన్నాయట. మరి శబ్దం ఎటు పోతోందండీ?"

"వాడొట్టి మొద్దు డాక్టరు. రేపు నేనే మంచి చోటికి తీసుకెళ్లి మిషన్ పెట్టిస్తా."

అత్తగారు కొంగుతో కళ్లొత్తుకుంది. "చూశావుటే, కన్నకొడుకైనా ఇంతలా పట్టించుకోడు!"