ఉప్పులేని ముద్ద

పరామర్శకు ఫోన్ చేసిన మీలో చాలామంది, మా ఆడబిడ్డ కుక్క మీద బెంగతో పోయిందన్నారు. తప్పు. కుక్క బతికే ఉంది. ఇప్పుడు నా కాళ్ల దగ్గర పడుకుని, నన్ను నమ్మాలా వద్దా అని చూస్తోంది. మా ఆడబిడ్డ పోయింది గుండె ఆగి. పాల్వంచలో తన ఇంట్లో, పొద్దున్నే కుక్కకు అన్నం చల్లారబెడుతూ. బెంగ పెట్టుకునేంత తీరిక ఆమెకెప్పుడూ లేదు.

చుక్కి పొట్టి కాళ్లు, పొడుగు బొచ్చు ఉన్న జాతి కుక్క. మన ఎండలకు ఆగే సరుకు కాదని తెచ్చిన రోజే అన్నాను. గిన్నెలకొద్దీ నీళ్లు తాగేది. పాల్వంచ ఎండలో నీళ్లు తాగనిదెవరు? తెలివైన కుక్క అని అందరం మెచ్చుకుని గిన్నె నింపాం. అది చిక్కిపోయి, తిండి మానేశాక ఖమ్మం తీసుకెళ్లాం. డాక్టరు స్కానింగ్ చూసి, మూత్రపిండాలు పుట్టుకతోనే సరిగా ఎదగలేదన్నాడు. తల్లిదండ్రుల నుంచి వచ్చిన జబ్బట. ఆలస్యమైంది, నయం కాదు, జాగ్రత్తగా చూస్తే కొంతకాలం నెట్టుకురావచ్చన్నాడు.

తిరిగి వస్తూ కారులో, దాన్ని ఇంకా బాధపెట్టకుండా వదిలేయడమే మంచిదేమో అన్నాను. అడవి మొదలయ్యాక మా ఆడబిడ్డ అంది.

"మా అన్నకు షుగర్ గూడ లేటుగనే దొరికింది గద వదినె. ఇడిసిపెట్టినవా?"

ఆ అన్న మా ఆయనే. కుక్కను నా ఒళ్లోకి తీసుకున్నాను. నాకు అలవాటు లేని పని.

ఆ తర్వాత ఆమె వంటిల్లే దవాఖానా అయింది. ఉప్పులేని అన్నంలో గుడ్డు తెల్లసొన మెత్తగా కలిపి, ముందు తానొక ముద్ద తిని, మొహం చిట్లించి, ఆ తర్వాతే దానికి పెట్టేది. మెడ మీద తోలు పైకి పట్టి సెలైన్ సూది గుచ్చడం డాక్టరు దగ్గరే నేర్చుకుంది. అది గింజుకుంటే నన్ను చూపించేది.

"గటు మా వదినె మొకం చూడు. సూదే నయమనిపిస్తది."

అది నిజంగానే ఊరుకునేది. నేను మనసులో పెట్టుకోలేదని చెప్పను.

ఆలస్యంగా తెలియడం మన తప్పు కాదు, తెలిశాక ఆలస్యం చేస్తే మాత్రం మనదే అనేది.

ఆమె పోయాక మూడో రోజు కర్మకు వచ్చినవాళ్లు మాంసంతో భోజనాలు చేసి, తల్లి పోయిన బిడ్డ కదా అని జాలిపడి దానికి బొక్కలు వేశారు. సాయంత్రానికి వాంతులు. నీళ్లు కూడా ముట్టలేదు. వెంటనే సెలైన్ ఎక్కించమని డాక్టరు ఫోన్లో చెప్పాడు. ఆమె కొడుకు కుక్కను పట్టుకున్నాడు. సూది నా చేతిలో ఉంది. అది గింజుకుంటోంది, గుచ్చిన సూది గుచ్చినట్టే బయటికొస్తోంది. ఏం తోచక, ఆమె గొంతు తెచ్చుకుని అన్నాను.

"గటు మా వదినె మొకం చూడు."

చెవులు నిక్కాయి. నా మొహం మాత్రం చూడలేదు. గుమ్మం వైపు చూస్తూ కదలకుండా ఉండిపోయింది. సూది దిగింది.

మర్నాడు కాస్త తింది. ముందు నేనొక ముద్ద తిన్నాకే.

పెద్దకర్మకు ఖమ్మం నుంచి వచ్చేవాళ్లు పూలదండలు మానేసి సెలైన్ బాటిళ్లు, సన్న సూదులు తెండి. డాక్టరు రాసిన చీటీ ఫోన్‌కు పంపిస్తాను. భోజనాలయ్యాక బొక్కలు మూత ఉన్న బకెట్‌లో వేయండి. అన్నిటికంటే ముందు, లోపలికి రాగానే గేటు గొళ్లెం పెట్టండి. ఆటో ఆగిన చప్పుడైతే చాలు, ఆమే దిగిందనుకుని అది రోడ్డు మీదికి పరుగెడుతోంది.