బోర్లించిన గ్లాసు

నేను నమ్మని వాటిలో దెయ్యాలది మూడో స్థానం. మొదటిది రైళ్ళ టైము, రెండోది మా బావమరిది సూరిబాబు సెలవు.

సూరిబాబు గూడ్సు బండి నడిపే లోకో పైలట్. పాసింజరు బండికి ప్రమోషన్ ఖాయమైంది, కాగితం మాత్రం ఇంకా చేతికి రాలేదు. ఆ సంబరానికి నన్నూ, వాళ్ళక్క, అంటే మా ఆవిడ రమణనీ ఓ ఆదివారం మధ్యాహ్నం, మేముండే హిందీ ఊళ్ళో తార్‌బహార్ పేటలో కొత్తగా తెరిచిన ఇటాలియన్ హోటల్‌కి తీసుకెళ్ళాడు.

గోడలకి ఇటుకలు లేవు, అన్నీ వైన్ సీసాలే. మెనూ కార్డు ఎత్తడానికి ఇద్దరు కూలీలు కావాలి. వడ్డించే ఆయన ఓ సీసాని పసిబిడ్డలా పట్టుకొచ్చి, ఇందులో తడిమట్టి వాసన వస్తుందని హిందీలో వర్ణించాడు.

"మట్టి వాసనకి ఇంతదూరం రావాలేటి? మన క్వార్టర్ ఎనకాల నేదేటి?" అంది రమణ.

సూరిబాబు ముందున్న గ్లాసు బోర్లించి ఉంది. వడ్డించే ఆయన దాన్ని నిలబెట్టి, ముందు నాకు పోశాడు. సూరిబాబు వైపు తిరిగేసరికి అది మళ్ళీ బోర్లా.

"ఏట్రా, తాగవా?"

"నేను ముట్టుకోనేదు బావా! సెలవెట్టీసేను కదా, ఎందుకు తాగను?"

రమణ మొహం పాలిపోయింది. వాళ్ళ నాన్న కూడా రైలు డ్రైవరే. డ్యూటీ ఉన్న రోజు పెళ్ళి విందులో కూర్చున్నా ఆయన గ్లాసు బోర్లించేసేవారు. ఇంక ఎవరూ బలవంతపెట్టేవారు కాదు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది.

నేను మొదట వడ్డించే ఆయన్ని అనుమానించాను, వైన్ మిగుల్చుకుంటున్నాడని. "మైనే నహీ కియా, సాబ్" అని, తను కాదని ఒట్టేసి, గ్లాసు మళ్ళీ నిలబెట్టాడు. తర్వాత రమణని అనుమానించాను. తమ్ముడు తాగడం ఆవిడకి ఇష్టం లేదు. ఆవిడ చేతుల మీద సీసీ కెమెరాలా కళ్ళు పెట్టాను. ఇంతలో వంటగదిలో పళ్ళెం భళ్ళున పడింది. తల తిప్పి చూసేలోపు గ్లాసు బోర్లా.

అప్పుడే సూరిబాబు ఫోన్ మోగింది. సెలవు మంజూరు కాలేదు, వెంటనే డ్యూటీకి రమ్మన్నారు. డ్యూటీలు వేసే క్రూ ఆఫీసులో గుమాస్తా తల ఊపితే, సెలవు ఇచ్చేసినట్టే అనుకున్నాడు వెర్రివాడు! డ్యూటీ ఎక్కేముందు మిషన్‌లోకి ఊదాలి. గుక్కెడు వైన్ తేలినా ప్రమోషన్ మాట అలా ఉంచండి, ఉన్న ఉద్యోగానికే ఎసరు.

పాస్తా సగంలో వదిలేసి పరుగెత్తాడు. కాసేపటికి ఫోన్ చేశాడు. "ఊదీసేను బావా. సున్నా!"

రమణ రెండు చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చింది. కాపలా గొడవలో నా వైన్ నేనింకా రుచే చూడలేదు. మావగారి పేరు చెప్పి తాగుదామని చెయ్యి చాపాను.

నా గ్లాసు బోర్లించి ఉంది. లోపల వైన్ ఎర్ర సిగ్నల్లా నిలబడే ఉంది. తెల్లగుడ్డ మీద ఒక్క చుక్క కారలేదు. చాపిన చెయ్యి వెనక్కి తీసుకుంటుంటే, జేబులో స్కూటర్ తాళం గుచ్చుకుంది. ఇంటికి బండి నడపాల్సింది నేనే.

నా మాటల్లో సగం కోసేయండి, పెంచి చెప్పడం నాకు అలవాటే. ఈ గ్లాసుని మాత్రం కొయ్యకండి. ఇప్పటికీ నా అనుమానం రమణ మీదే. చిక్కల్లా ఒక్కటే. ఆ సమయంలో ఆవిడ రెండు చేతులూ కళ్ళ మీదే ఉన్నాయి.