స్పెయిన్‌లో మా బావ డ్యూటీ

"బావ పోయిండు" అని అక్క ఫోనులో రెండే మాటలు చెప్పింది. ఆ సమయానికి నేను దోహాలో, అబూ హమూర్‌లోని మా బడిలో ఏడో తరగతి పిల్లల చేత పరీక్ష రాయిస్తున్నాను. పొద్దున డ్యూటీకి తయారై, టీ తాగి, కుర్చీలో కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఒరిగిపోయాడట. ఛాతీలో నొప్పిగా ఉందని నాలుగు రోజుల క్రితమే తోటి సూపర్‌వైజరుతో అన్నాడట. సెలవురోజు శుక్రవారం ఆస్పత్రికి పోతానని కూడా అన్నాడట. ఇంట్లో మాత్రం ఎవరికీ చెప్పలేదు. నిజం చెప్పాలంటే నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. దారిన పోయేవాడి నిచ్చెన కదిలితే పరుగెత్తే మనిషి, తన గుండె సంగతి శుక్రవారానికి వాయిదా వేస్తాడా?

బావ అంటే మావారి అన్నయ్య, అక్క అంటే ఆయన భార్య. జగిత్యాల దగ్గరి పల్లె నుంచి కూలీగా దోహా వచ్చాడు. పరంజాలు కట్టే పని నేర్చుకున్నాడు. చివరికి సేఫ్టీ సూపర్‌వైజర్ అయ్యాడు. ఎత్తు మీద పనిచేసేవాళ్ళు నడుముకు బెల్టు కట్టుకున్నారా, నెత్తిన హెల్మెట్ ఉందా, నిలబడ్డ పలక గట్టిగా ఉందా అని చూడడం ఆయన ఉద్యోగం. దాన్ని సైటులో వదిలి ఇంటికి వచ్చే అలవాటు మాత్రం ఆయనకు లేదు. అల్ ఘర్రాఫాలో మా ఇంటికి భోజనానికి వస్తే ముందు వంటగదిలోకి వెళ్ళి గ్యాస్ పైపు చూసేవాడు. తర్వాత బాల్కనీ కమ్మీలను రెండు చేతులతో పట్టి ఊపేవాడు. మా అమ్మాయి మంచం కిటికీ దగ్గరుందని ఒకసారి బీరువాతో సహా గదంతా మార్పించాడు. ఈలోగా నేను వడ్డించిన బిర్యానీ చల్లారిపోయేది.

"తిను బావా" అంటే, "తింట గని, గీ స్క్రూ ఎవడు బిగించిండమ్మా?" అనేవాడు.

ఆయన్ని పెట్టెలో తీసుకుని ఊరికి వెళ్తే, వచ్చిన చుట్టాలందరూ "దుబాయ్ నుంచి తెచ్చిండ్రట" అనుకుంటున్నారు. బతికున్నన్నాళ్ళూ ఆయన ఒక్కొక్కరినీ ఆపి "దుబాయ్ గాదే, ఖతర్. దుబాయ్ వేరే దేశం" అని దిద్దేవాడు. ఒక్కరూ దిద్దుకోలేదు. ఆ రోజు వాళ్ళను దిద్దే ఓపిక నాకూ లేకపోయింది.

ఆయన గురించి రాయాలని కూర్చుంటే నాకు స్పెయిన్ తప్ప మరేదీ గుర్తుకు రావడం లేదు.

చమురూ గ్యాసూ దోహాను కుండ పొంగినట్టు పొంగించిన ఏళ్ళవి. దోహా పక్కన ఇప్పుడున్న లుసైల్ నగరమంటే అప్పటికింకా ఇసుకా క్రేన్లే. బావ కంపెనీకి పని మీద పని. ఒక ఏడాది ఆయనకు బోనసూ, నెల సెలవూ కలిసి వచ్చాయి. ఇరవై ఏళ్ళుగా సెలవంటే ఊరే, ఊరంటే ఎవరి పెళ్ళో, ఎవరి ఇంటి స్లాబో. ఈసారి ఊరికి రానని అక్క మొండికేసింది. కంపెనీ ఆఫీసులో ఎప్పుడో చూసిన ఒక క్యాలెండరు ఆమె మనసులో ఉండిపోయింది. సముద్రం ఒడ్డున కొండ మీద తెల్లటి ఇళ్ళు. అది స్పెయిన్ అని ఎవరో చెప్పారు. "చచ్చేలోపు గా నీళ్ళల్ల కాళ్ళు పెడ్త" అంది. అలా వాళ్ళిద్దరూ, మేమిద్దరం, మా అమ్మాయీ బయలుదేరాం.

బావ స్పెయిన్‌కు సేఫ్టీ బూట్లు వేసుకొచ్చాడు. ముందు వేళ్ళ మీద ఇనుప తొడుగు ఉండే బూట్లు. తనిఖీ గేటు విమానాశ్రయంలో కూసింది, మ్యూజియంలో కూసింది, మాడ్రిడ్‌లో రాజభవనం గుమ్మం దగ్గరా కూసింది. కూసిన ప్రతిచోటా ఆయన కూర్చుని నిదానంగా లేసులు విప్పేవాడు, మేము వరుసలో నిలబడేవాళ్ళం. మామూలు చెప్పులు కొనుక్కోమంటే "కాలి వేళ్ళు మల్ల మొలుస్తయా?" అన్నాడు. లోపల పైకప్పు బొమ్మలు చూడమని గైడు చెయ్యెత్తితే, ఈయన ఆ పక్కన దీపాలు మార్చేవాడి నిచ్చెన వైపు చూశాడు.

అక్కణ్ణుంచి వెళ్ళిన సెవిల్ నగరంలో మూడు రోజులు బాగానే గడిచాయి. నాలుగో రోజు మధ్యాహ్నం రైలెక్కితే సాయంత్రానికి మాలగా, అంటే అక్క సముద్రం. పెట్టెలు ఈడ్చుకుంటూ స్టేషనుకు నడుస్తున్నాం. మలుపు తిరగగానే బావ ఆగిపోయాడు. మూడో అంతస్తు బాల్కనీ గోడ మీద ఒకడు నిలబడి పైకప్పు అంచుకు రంగు వేస్తున్నాడు. బెల్టు లేదు. గోడ మందం జానెడు.

"బావా, రైలు" అన్నాను.

ఆయన వినలేదు. రోడ్డు మధ్యకు వెళ్ళి హిందీలో పిలిచాడు, ఇంగ్లీషులో పిలిచాడు. చివరికి "వేన్ హిజామ్?" అని అరబ్బీలో అడిగాడు, బెల్టు ఎక్కడ అని. పైవాడు తిరిగి చూశాడు. మొరాకో మనిషట. అరబ్బీలోనే ఏదో అన్నాడు.

"లేదంటున్నడు" అన్నాడు బావ మాతో.

"లేదన్నడు గదా, నడువు" అంది అక్క.

"దిగినంక పోదాం."

వాడు దిగనన్నాడు, ఇంకాస్తే మిగిలిందన్నాడు. బావ అక్కడే నిలబడి ఇంటి గంట కొట్టాడు. యజమానురాలు, ఒక ముసలావిడ, కిందికొచ్చి స్పానిష్‌లో తిట్టింది. ఈయన తెలుగులో నచ్చజెప్పాడు. చుట్టూ పదిమంది పోగయ్యారు. మా అమ్మాయి సిగ్గుతో నా వెనక దాక్కుంది. మావారు గడియారం చూడడం మానేశారు. ముప్పావు గంట తర్వాత ఆ రంగులవాడు విసుక్కుంటూ దిగి, రేపు తాడు తెచ్చుకుని ఇంకొకణ్ణి తోడు పెట్టుకుని చేస్తానన్నాడు. అప్పుడు కదిలాడు బావ. రైలు వెళ్ళిపోయింది.

స్టేషన్లో అక్క పెట్టె మీద కూర్చుంది. "ఇరవై ఏండ్లకు ఒక్క సెలవు. గీడ గూడ డ్యూటీయేనా?"

"డ్యూటీ గాదే. కండ్ల వడ్డది. చూసినంక పోయేదెట్ల?"

అక్కతో అన్న ఆ మాటకు నేను జవాబిచ్చాను. "మీతో ఇంకెక్కడికీ రాను బావా" అన్నాను. చాలా గట్టిగానే అన్నాను. ఆయన తలూపాడు, అంతే.

తర్వాతి రైల్లో అక్క నా పక్కన కూర్చుని చెప్పింది. బావ దోహా వచ్చిన మొదటి ఏడాది ఒక పరంజాలో బిగింపు వదులుగా ఉండడం చూశాడట. టీ తాగి వచ్చి చెబుదామనుకున్నాడట. ఆ టీ అయ్యేలోపే నిజామాబాద్ మనిషొకడు దాని మీద నుంచి పడి చనిపోయాడట.

"నీకు తెలిసే కోపం చేస్తున్నావా?" అని అడిగాను.

"తెలిసి గూడ కోపమొస్తది. గా పడ్డ మనిషి మా ఇంట్ల ఇరవై ఏండ్ల సంది ఉంటున్నడు. ఎక్కడికి వోయినా ముందే వచ్చి కూసుంటడు" అంది. కిటికీ బయట ఆలివ్ తోటలు వరుసగా వెళ్ళిపోతున్నాయి. ఆమె అటు చూడనే లేదు.

నేను నా మాట నిలబెట్టుకున్నాను. తర్వాత బావ రెండుసార్లు అడిగాడు, ఒకసారి టర్కీకి, ఒకసారి కేరళకు. "ఈసారి ఎవన్నీ చూడనమ్మా, నెత్తి దించుకొని నడుస్త" అన్నాడు. బడి ఉందన్నాను. నిజానికి రెండుసార్లూ సెలవులే. ఆయన నమ్మినట్టే ఉన్నాడు. మేము లేకుండా వాళ్ళూ వెళ్ళలేదు. ఈ బాధ ఇప్పుడు ఎవరి మీద విసుక్కుని తీర్చుకోవాలో నాకు తెలియడం లేదు.

స్పెయిన్‌లో ఆ రైలు దిగాక, మాలగాలో అక్క మొదటి రోజంతా ఆయనతో మాట్లాడలేదు. రెండో రోజు పొద్దున్నే ఒక్కతే చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని సముద్రంలోకి నడిచింది. మోకాళ్ళ దాకా వెళ్ళి ఆగింది. అల వచ్చి తడిపినప్పుడల్లా గట్టిగా నవ్వుతోంది. ఆమె అలా నవ్వడం నేనెప్పుడూ వినలేదు. బావ ప్యాంటు పైకి మడిచి, ఆమెకు తెలియకుండా వెనకే వెళ్ళాడు. ఆమె వీపు వెనక రెండు చేతులూ చాచి, తాకకుండా నిలబడ్డాడు. అల లాగినప్పుడు ఆమె ఒక అడుగు ముందుకు వేస్తే ఆయనా ఒక అడుగు ముందుకు వేశాడు. ఆమె వెనక్కి తూలితే ఆయనా వెనక్కి జరిగాడు. చేతులు మాత్రం దించలేదు. చాలాసేపు అలాగే ఉన్నారు. అక్క ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.