షుల్ట్స్‌వారి సంబంధం

సుందరక్క పాలడబ్బా మీద అచ్చేసిన తేదీని నమ్మదు. మూత తీసి వాసన చూస్తుంది, గరిటెడు కాచి చూస్తుంది. విరగకపోతే అప్పుడు కూడా "ఈ పూటకి పరవాలేదు" అంటుంది తప్ప బాగున్నాయని అనదు. కెనడాలో, విన్నిపెగ్‌లో మేమిద్దరం ఒకే బేకరీలో పనిచేస్తాం. బెల్టు మీద బన్నులు వస్తుంటే పాడైనవి ఏరి పక్కన పడెయ్యాలి. నేను పది ఏరేసరికి ఆవిడ నలభై ఏరుతుంది. సూపర్‌వైజర్ మెచ్చుకుంటాడు. నాకు ఒళ్ళు మండుతుంది, ఎందుకంటే ఆ నలభైలో ముప్ఫై నిక్షేపంలాంటి బన్నులే.

పూర్తి పేరు బాలత్రిపురసుందరి. గోదావరి జిల్లాలో ఒక రిజిస్ట్రార్ ఆఫీసులో పదకొండేళ్ళు గుమస్తాగా చేసింది. ఎవరైనా పొలం కొనబోతుంటే, వెనక ముప్ఫై ఏళ్ళలో అది ఎవరెవరి చేతులు మారిందో పాత పుస్తకాలు తిరగేసి రాసివ్వడం ఆవిడ పని. ఒకే పొలాన్ని ఇద్దరికి అమ్మినవాళ్ళనీ, బతికున్న తమ్ముణ్ణి పోయాడని రాయించినవాళ్ళనీ చూసి చూసి మనుషుల మీద నమ్మకం పోయింది. పద్నాలుగేళ్ళ క్రితం భర్త వీర్రాజుగారికి కెనడా వలసకి ప్రావిన్స్ నామినేషన్ వచ్చి ఇక్కడికి వచ్చారు. ఆ గుణం కూడా లగేజీతో పాటే దిగింది. అప్పటికి వాళ్ళ ఒక్కగానొక్క కూతురు ధాత్రికి పన్నెండేళ్ళు.

ఆ ధాత్రి పోయిన వేసవిలో ఎరిక్ అనే అబ్బాయిని ఇంటికి తీసుకొచ్చింది, పెళ్ళి చేసుకుంటామని. ట్రాక్టర్లు బాగుచేసే కంపెనీలో ఉద్యోగం. నెమ్మదస్తుడు. వడ ఎలా తినాలో అడిగి మరీ తిన్నాడు. అక్క అతని ఉద్యోగం అడగలేదు, చదువు అడగలేదు.

"ఇంటిపేరేంటి బాబూ?"

"షుల్ట్స్," అన్నాడు.

"అంటే?"

అతను చెప్పాడు, ధాత్రి తెలుగు చేసింది. పూర్వం జర్మనీలో దొరగారి తరఫున ఊరివాళ్ళ చేత పన్నులు కట్టించి, చిన్నచిన్న తగాదాలు తీర్చే పెద్దమనిషిని అలాంటి మాటతో పిలిచేవారట. ఆ పదవే చివరికి వంశానికి పేరైందట.

"అంటే మునసబన్నమాట," అంది అక్క. మర్నాడు బెల్టు దగ్గర నా చెవిలో ఊదింది. "మునసబుల సంగతి నాకు తెలీదా కమలా? ఎన్ని గట్లు జరిపించారో ఈ వంశంవాళ్ళు."

"ఎన్నడో వందల ఏండ్ల కిందటి ముచ్చటక్కా అది. గిప్పుడు ఆ గట్లెక్కడివి?" అన్నాను. నేను కరీంనగర్ దాన్ని, నాకు వెటకారం ఆగదు.

ఆవిడ ఆగలేదు. బ్రేక్ టైంలో ఫోన్లో ఆ పేరు మీద పరిశోధన మొదలుపెట్టింది. జర్మనీలో బాగా ఎక్కువమందికి ఉండే ఇంటిపేర్లలో అదొకటని తేలింది. షుల్ట్స్, షుల్ట్సె, షుల్టె, షోల్ట్స్ అని ప్రాంతానికో తీరు. "చూశావా? ఒకే మనిషికి ఇన్ని పేర్లెందుకు? దస్తావేజుల్లో ఇలాంటివి కనపడితే మేం వెంటనే ఎర్రసిరాతో గీత పెట్టేవాళ్ళం," అంది. కోడిగుడ్డు మీద ఈకలు పీకడం అంటే ఇదే. వీర్రాజుగారు మాత్రం నోరు విప్పలేదు. ఆయన ఆ ఇంట్లో విప్పగా నేను చూడలేదు.

ఇక్కడి పల్లెటూళ్ళకి ఒక అలవాటుంది. ఊరికి డెబ్భై ఎనభై ఏళ్ళు నిండగానే అందరూ కలిసి ఒక లావుపాటి పుస్తకం వేయించుకుంటారు. ప్రతి కుటుంబం తన కథ తనే రాసుకుంటుంది, ఎప్పుడొచ్చాం, ఎవర్ని చేసుకున్నాం, ఏ ఏడు వడగళ్ళకి గోధుమ పోయింది అని. ఎరిక్ వాళ్ళ ఊరి పుస్తకాన్ని అక్క లైబ్రరీ ద్వారా తెప్పించింది. మూడొందల పన్నెండో పేజీలో దొరికింది. ఎరిక్ తాత రైన్‌హోల్డ్ షుల్ట్స్. ఆయన చేసుకున్నది ఇర్మా షుల్ట్స్‌ని. పుట్టింటి పేరు కూడా షుల్ట్సే.

అక్క ముఖం పాలిపోయింది. "ఒకే ఇంటిపేరువాళ్ళు పెళ్ళాడారే! అన్నాచెల్లెళ్ళ వరస! ఆ ఇంటికి నా పిల్లనిస్తానా?"

నిజం చెప్పొద్దూ, నాకూ తప్పే అనిపించింది. ఇంటిపేరు కలిస్తే దాయాదులే అని పుట్టినప్పట్నుంచీ విన్నాం. ఆ ముసలావిణ్ణి ముఖాముఖి అడిగితే తప్ప పెళ్ళికి ఒప్పుకోనని అక్క తేల్చేసింది. ధాత్రి బతిమాలింది. "అమ్మా, ప్లీజ్, డోంట్. అది చాలా కామన్ నేమ్. గ్రాండ్‌మా దగ్గర ఈ ఫ్యామిలీ టాపిక్ వద్దు, ఐ బెగ్ యూ."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది ఆ పిల్ల కంగారు. "అంతగా వద్దంటోందంటే ఏదో ఉంది," అంది అక్క. నాకూ అలాగే అనిపించింది.

అక్టోబరులో ఒక ఆదివారం నా కారులో బయల్దేరాం. వీర్రాజుగారు రానన్నారు. అక్క ముందు సీట్లో, ధాత్రి వెనక. గంటన్నర దారంతా ఆవాల్లాంటి కనోలా పంట కోసేసిన పొలాలు. 

ఇర్మాగారికి ఎనభై నాలుగేళ్ళు. ఎరిక్ అప్పటికే అక్కడున్నాడు. పైన ఆల్‌బుఖరా పళ్ళు పరిచిన కేకు కోసి పెట్టింది ఆవిడ. అక్క ముక్క తుంచి, ముక్కు దగ్గర పెట్టుకుని, ఆ తర్వాత నోట్లో వేసుకుంది. కాఫీ సగం తాగకుండానే అడిగేసింది. ఆఫీసు ఇంగ్లీషు ఆవిడకి బాగానే వచ్చు.

ఇర్మాగారు పకపకా నవ్వింది. "మా పెళ్ళిలో పాస్టర్ కూడా ఏడిపించాడు, సంతకం మార్చుకునే పని తప్పిందని. మా నాన్నవాళ్ళది ఒక దేశం, రైన్‌హోల్డ్‌వాళ్ళది ఇంకో దేశం. ఓడ దిగాకే ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూశారు. ఊరున్న ప్రతిచోటా ఒక పెద్ద ఉంటాడమ్మా. ఎన్ని ఊళ్ళో అన్ని షుల్ట్స్ కుటుంబాలు. పేరొకటే గానీ రక్తం ఎక్కడిది?"

అక్క మూడు రకాలుగా తిప్పి అడిగింది. ఓడల పేర్లు అడిగింది. చివరికి గోడమీద ఉన్న రెండు పాత ఫొటోలు దగ్గరగా వెళ్ళి చూసొచ్చి, సరేనంది. నేను ఊపిరి పీల్చుకున్నాను.

"మరి మీలో ఎలా చూస్తారు?" అని అడిగింది ఇర్మాగారు, ఊరికే, మాటవరసకి.

అక్క నిటారుగా కూర్చుంది. "మాలో ఇంటిపేరు కచ్చితంగా వేరవ్వాలి. మా సంబంధం అన్నింటికన్నా మేలైనది. మా ఆయన మా అమ్మకి సొంత తమ్ముడి కొడుకే."

ఇర్మాగారి చేతిలో కప్పు ఆగిపోయింది. "సొంత తమ్ముడా?"

"సొంతమే," అంది అక్క గర్వంగా.

 ఇర్మాగారు నెమ్మదిగా ధాత్రి వైపు తిరిగి, పిల్ల కళ్ళు, చేతులు, వేళ్ళు చూడటం మొదలుపెట్టింది. ఎక్కడ ఏం తేడా ఉందా అని వెతుకుతోంది. నాకు సిగ్గేసింది. అక్కకి ఆ చూపు అర్థమై కోపంతో ఎర్రబడింది. ధాత్రి తల ఎత్తలేదు.

"గ్రాండ్‌మా, నాకు తెలుసు," అన్నాడు ఎరిక్. "వసంతంలో ఇద్దరం డాక్టర్ దగ్గరికి వెళ్ళాం. ధాత్రికి అన్ని పరీక్షలూ చేశారు. ఏమీ లేదు. మా ఇద్దరిదీ రక్తసంబంధం కాదు కాబట్టి పుట్టబోయే పిల్లలకి దీంతో సంబంధమే లేదన్నాడు డాక్టర్."

ఇర్మాగారు కాసేపు ఆలోచించి, "డాక్టర్ చెప్పాడు కదా, చాలు," అని ధాత్రి పళ్ళెంలో ఇంకో ముక్క పెట్టింది. పెళ్ళి జూన్‌లో అనుకున్నారు. ఆ మాటలన్నీ నేనూ ఎరిక్ మాట్లాడాం. అక్క తలూపింది, అంతే.

తిరుగుదారిలో పది మైళ్ళు దాటాక అక్క వెనక్కి తిరిగి అడిగింది.

"పరీక్షలెందుకు చేయించుకున్నావే?"

"భయమేసి."

"ఎప్పట్నుంచి?"

"గ్రేడ్ ఎయిట్ నుంచి. సైన్స్ క్లాసులో టీచర్ బోర్డు మీద ఫ్యామిలీ ట్రీ గీసి, కజిన్స్ పెళ్ళి చేసుకుంటే పిల్లలకి ఏమేం రావొచ్చో చెప్పారు. క్లాసంతా ఛీ అన్నారు. నేనూ అన్నాను. ఆ రోజు నుంచి, ఎరిక్‌కి తప్ప, ఎవరడిగినా మీరిద్దరూ ఆఫీసులో కలిశారనే చెప్తున్నా."

"నాతో ఒక్క మాట..."

"ఏమని చెప్పనమ్మా? నువ్వూ నాన్నా బానే ఉంటారు కదా. నేనొచ్చి మీ పెళ్ళి తప్పని అనాలా? జ్వరమొచ్చినా, కాలు తిమ్మిరెక్కినా, ఇదేనేమో అనుకునేదాన్ని."

అక్క సీటు బెల్టు విప్పేసింది.   నాకు వెటకారం ఒక్కటీ రాలేదు.

"కమలా, కారు ఆపు," అంది.

పెట్రోల్ బంకు దగ్గర పక్కకి తీశాను. బయట గాలి కోసేస్తోంది. అక్క దిగి, కోటు గుండీలు కూడా పెట్టుకోకుండా వెనక తలుపు తీసి కూతురి పక్కన కూర్చుంది. ధాత్రి చెయ్యి రెండు చేతుల్లోకీ తీసుకుంది.

"పదమూడేళ్ళు నా పక్కగదిలోనే పడుకున్నావు కదే తల్లీ. ఒక్కదానివే భయపడ్డావా?"

"రోజూ అమ్మా," అంది ధాత్రి.